అభ్రకం పొరల్లో అమ్మ

పిల్లలూ, ఇది కిటికీలకు అద్దాలు లేని కాలం నాటి మాట. అప్పట్లో మేఘవరం రాజ్యంలో ప్రతి కిటికీకీ అభ్రకం రేకులే బిగించేవారు. పొద్దున్నే ఆ రేకుల గుండా ఇంట్లోకి వచ్చే తేనెరంగు వెలుతురు ఇప్పటి అద్దాలకు ఎక్కడిది? ఆ వెలుతురులో చద్దన్నం కూడా కమ్మగా ఉండేదట. తలచుకుంటే నాకు బెంగగా ఉంటుంది.

అభ్రకం రాయిని పొరలు పొరలుగా విడదీసి రేకులు తీయడంలో నరసమ్మను మించినవారు ఆ రాజ్యంలో లేరు. ఆమెకు పెంచలమ్మ ఒక్కతే కూతురు. రాజుగారికి ఏనుగు పట్టేంత కిటికీల మీద మోజు పుట్టి అభ్రకం కొండను ఎడాపెడా తవ్విస్తుంటే, ఆ కొండలో ఉండే రక్కసికి ఒళ్లు మండింది. ఒకనాడు ఊళ్లోకి వచ్చి, నరసమ్మను అభ్రకం రేకులుగా మార్చి మూటగట్టుకుపోయింది. ఆ క్షణమే కిటికీలన్నీ బూడిదరంగుకు తిరిగి, ఇళ్లు చీకటైపోయాయి.

రక్కసి మీదికి పొమ్మనగానే సైనికులందరూ ఒకేసారి కడుపునొప్పని మంచమెక్కారు. అమ్మ లేని ఇంట్లో ఉండలేక పెంచలమ్మే లంగా ఎగదోపుకుని బయలుదేరింది.

అడవి దాటగానే నల్లరేగడి నేల వచ్చింది. వానకు ఉబ్బిన ఆ మట్టి ఆమె కాళ్లను మోకాళ్ల దాకా పట్టేసింది. గట్టు మీద ఒక ముని కూర్చుని చూస్తున్నాడు.

"తాతా, చెయ్యందియ్యవా?" అంది పెంచలమ్మ.

"అందిస్తాలే. ముందీ మాట విను. ఈ మట్టీ, ముందొచ్చే బలపపు కొండా, మీ అభ్రకమూ అన్నీ ఒకే తీరు పొరలమ్మా. పొరల మధ్య ఏం చేరిందన్నదే తేడా. ఇక్కడ నీళ్లు చేరాయి, ఉబ్బింది. బలపపు కొండలో ఏమీ చేరలేదు, అందుకే అది జారుతుంది."

"మునిగిపోయేదానికి పాఠాలేంది తాతా, ముందు లాగు!"

ముని నవ్వి పైకి లాగాడు.

బలపపు కొండ మొదట్లో ఒక ముసలి ఉడుము దిగాలుగా కూర్చుని ఉంది. "ఉడుం పట్టు అని లోకమంతా చెప్పుకుంటారు పాపా. ఈ కొండ మీద నా పరువంతా పాయె," అని వాపోయింది.

పెంచలమ్మ తన కాళ్లకు అంటిన బంకమట్టిని చూసుకుంది. "ఇది పూసుకో మామా," అని కాస్త తీసి ఉడుము గోళ్లకు రాసింది. ఇద్దరూ ఒక్కో అడుగూ అతికించుకుంటూ పైకెక్కారు. పరువు దక్కిన సంతోషంలో ఉడుము ఆమెకు ఆ వెనకే ఉన్న అభ్రకం కొండలో రక్కసి గుహ చూపించింది.

గుహలో రేకుల కుప్ప ఉంది. ఒక్కో రేకులో నరసమ్మ బతుకులోని ఒక పెద్ద రోజు మెరుస్తోంది. ఒకదాంట్లో ఆమె పెళ్లి, ఒకదాంట్లో పెంచలమ్మ పుట్టిన వేళ, ఇంకోదాంట్లో తిరునాళ్లలో గాజులు వేయించుకోవడం. రేకులన్నిటికీ ఏదో మసక పొడి అంటుకుని ఉంది.

"గుహలోంచి ఎండ పోయేలోగా మీ అమ్మను పేర్చు," అంది కుప్ప పక్కనే కూర్చున్న రక్కసి. "పేర్చావా, ఊరి వెలుగుతో సహా తీసుకుపో. లేదంటే ఈమె నా గుహకు కిటికీ అవుతుంది."

దుమ్ము తుడవకుండా రేకు మీద రేకు పెట్టకూడదని రేకుల పనివాళ్ల పట్టింపు. పెంచలమ్మ అలవాటుగా మొదటి రేకును ఉఫ్ అని ఊది, మిగతావి లంగాతో శుభ్రంగా తుడిచి పేర్చింది. అమ్మ రూపం వచ్చినట్టే వచ్చి, జరజరా జారి కుప్పకూలింది. రక్కసి పొట్ట పట్టుకుని నవ్వింది.

పెంచలమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. జారిన రేకులను చూస్తుంటే ముని మాట తలకెక్కింది. మధ్యన ఏమీ లేకపోతే జారదా మరి! లంగాకు అంటిన పొడిని చిటికెడు తీసి చూసింది. అందులో అమ్మ గంజి వారుస్తోంది, పేలు చూస్తోంది, ఊరికే కసురుకుంటోంది. అది దుమ్ము కాదు, ఏ పండగా లేని మామూలు రోజులు. ఆమె గబగబా లంగా దులిపి రేకుల మధ్య ఆ పొడి చల్లింది. ఊదేసిన పొడి మాత్రం దొరకలేదు. అక్కడ తన కాలికి అంటిన మట్టినే అద్ది నొక్కింది.

గుహ అంచున ఎండ ఆరిపోతుండగా నరసమ్మ లేచి కూర్చుంది. రక్కసి మాట తప్పలేదు. ఊళ్లో కిటికీలన్నీ మళ్లీ తేనెరంగులో వెలిగాయి. రాజుగారు సిగ్గుపడి పెద్ద కిటికీల మోజు మానుకుని, తవ్వకాల మీద పెత్తనం నరసమ్మకే అప్పగించారు.

ఆ సాయంత్రం వాకిట్లో నరసమ్మ ఉన్నట్టుండి అడిగింది. "పోయిన వానకాలం నాకేం గుర్తురావడంలేదే. ఏం చేశానంటావ్?"

 తాను ఊదేసింది ఏమిటో పెంచలమ్మకు అప్పుడు తెలిసింది. "ఏం లేదుమా. రోజూ నాకు జడేసేదానివి."

"అంతేనా?"

"అంతే."

నరసమ్మ కూతురి చిక్కుపడ్డ జుట్టును కాసేపు చూసి, దువ్వెన అందుకుంది. "ఇట్టా వచ్చి కూర్చో," అంది.