సాయంత్రం వినే పని

"మీ రిపోర్టులో ప్రతి లైన్లోనూ శాంతి ఉందండీ. చదువుతుంటే నాకే ఎవరితోనైనా గొడవపడాలనిపించింది."

ఇంటర్న్‌షిప్ మొదలైన వారంలోనే, వీడియో మీటింగులో అందరి ముందూ తోటి ఇంటర్న్ అమ్మాయి అతనితో అన్న మాట అది. రిపోర్టు నిండా ఎర్ర గీతలు పెట్టి మరీ చూపించింది. అందరూ నవ్వారు. అతనికి చెవులు వేడెక్కాయి.

"మీరు దిద్దింది రిపోర్టునా, నన్నా?"

"ఇద్దర్నీ దిద్దాలంటే టైమ్ చాలదు."

ఇరుగుపొరుగు తగవుల్లో, కుటుంబ కలహాల్లో రాజీ కుదిర్చే స్వచ్ఛంద సంస్థ అది. ఇంటర్న్‌లందరూ కాలేజీ విద్యార్థులు. ఎవరి ఊళ్లో, ఎవరి గదిలో వాళ్లు కూర్చుని పనిచేస్తారు. కోఆర్డినేటర్ మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

"శాంతి కోసం పనిచేసే చోట ఈ యుద్ధమేంటి? ఇక నుంచి మీరిద్దరూ ఒక జట్టు. రోజూ సాయంత్రం ప్రాక్టీసు చెయ్యండి" అని తేల్చేసింది.

ప్రాక్టీసంటే, ఒకరు తగవులో ఉన్న మనిషిలా మాట్లాడాలి. రెండోవారు సలహా ఇవ్వకుండా, అడ్డు తగలకుండా వినాలి. ఆ తర్వాత రికార్డింగ్ చూసుకుని తప్పులు సరిచేసుకోవాలి.

మొదటిరోజు ఆమె, కింది వాటా వాళ్ల బట్టల మీద నీళ్లు కుమ్మరించిన పైవాటా ఆవిడ వేషం వేసింది. "పోశాను! నా మొక్కలు, నా నీళ్లు! ఆరేసుకోడానికి వాళ్లకి నా బాల్కనీ కిందే దొరికిందా?" అని గొంతు చించుకుంది. వినాల్సినవాడు పడీపడీ నవ్వాడు.

"నవ్వకూడదు మౌనస్వామీ! మార్కులు పోతాయి."

"మీరలా అరుస్తుంటే ఎలా ఆపుకోను, ఎర్రపెన్ను గారూ?"

కొన్నాళ్లకి 'గారు' ఎగిరిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ప్రాక్టీసు అయిపోయినా ఇద్దరిలో ఎవరూ కాల్ కట్ చేసేవారు కాదు.

ఆమె హాస్టల్ గదిలో రెండో మంచం ఖాళీ. రూమ్మేట్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. "పొద్దున వార్డెన్ గుడ్ మార్నింగ్ అంటుంది. ఆ తర్వాత నాతో మాట్లాడేది నువ్వే, తెలుసా?" అంది ఒకసారి నవ్వుతూ. అతనికి నవ్వు రాలేదు. అతనికి ఆ గుడ్ మార్నింగ్ కూడా లేదు.

అతని ఇంట్లో రెండు గదులు. ఒకటి అన్నది, ఒకటి అతనిది. అమ్మానాన్నలు పోయాక అతన్ని చదివించింది అన్నే. తాను మెషిన్ నడిపే ప్రింటింగ్ ప్రెస్సులోనే తమ్ముడికి ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. తమ్ముడు వద్దని కాలేజీ చదువులో చేరాడు. "నీ ఇష్టం" అన్నాడు అన్న. ఆనాటితో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. అన్న వండి, మూతపెట్టి పనికి వెళ్తాడు. తమ్ముడు తిని గిన్నెలు కడుగుతాడు. ఆ ఇంట్లో పక్కపక్కన ఉండేవి గుమ్మం దగ్గరి వాళ్ల చెప్పులే.

ఒక సాయంత్రం వాన పడుతోంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది.

"ఇవాళ నీ వంతు. ఎవరు నువ్వు?"

"ఒక తమ్ముణ్ణి" అన్నాడు.

కిటికీ మూసొచ్చి మొదలుపెట్టాడు. "మా అన్న నన్ను తిట్టినా బావుండు. నేను గదిలోంచి వస్తే ఆయన వంటింట్లోకి వెళ్లిపోతాడు. మొన్న దగ్గుతుంటే మందు తెచ్చాను. ఇవ్వడానికి ఎలా పలకరించాలో తెలీలేదు. టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. సొంత అన్నని ఎలా పిలవాలో మర్చిపోయాను..."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఎక్కడా అడ్డు రాలేదు. అతను ఆగాక కళ్లు తుడుచుకుని, "అబ్బ, ఏం చేశావ్! నన్నే ఏడిపించేశావ్" అంది.

"థాంక్స్" అన్నాడు. నటన కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ వారం మీటింగులో ఆమె సంబరంగా ఆ రికార్డింగునే అందరికీ చూపించింది. తెర నిండా చప్పట్ల బొమ్మలు. "ఏం ఏడ్చావ్ బాబాయ్!" అన్నారెవరో. అప్పుడామె అతని ముఖం చూసింది. నటించి మెప్పు పొందినవాడి ముఖం కాదది. ఏదో అనబోయేలోపే అతను మీటింగులోంచి వెళ్లిపోయాడు. మర్నాడు, ఇక రానని మేడమ్‌కి మెసేజ్ పెట్టాడు.

ఆమె ఫోన్ చేసింది. ఎత్తలేదు. సాయంత్రాలు ఖాళీ మంచానికి ఎదురుగా కూర్చుని మళ్లీ మళ్లీ చేసింది. చివరికి ఓ ఆదివారం ఎవరో ఎత్తారు.

"వాడు ఫోన్ ఇంట్లోనే పెట్టి బయటికెళ్లాడు. ఎవరమ్మా?" గరగరలాడే గొంతు. వాళ్ల అన్న!

"నేను... తనతో కలిసి ఇంటర్న్‌షిప్ చేస్తానండీ."

"వాడు నీతో మాట్లాడతాడా?"

"రోజూ మాట్లాడేవాడండీ."

"ఏం మాట్లాడతాడు?" అన్నాడు, ప్రాధేయపడుతున్నట్టు.

అంతా చెప్పెయ్యాలని మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. "తన మాటలు ఒకసారి నలుగురిలో పెట్టి తప్పు చేశానండీ. మళ్లీ చెయ్యను. మీరే అడగండి. మీరడిగితే చెప్తాడు."

ఆ రాత్రంతా ఆమెకి నిద్ర లేదు. మర్నాడు సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"మా అన్నకి ఏం చెప్పావ్?"

"ఏమీ చెప్పలేదు."

"ఆయనా అదే అన్నాడు. నా గదిలోకొచ్చి మంచమ్మీద కూర్చుని, 'ఆ పిల్ల ఏమీ చెప్పట్లేదు, నువ్వే చెప్పరా' అన్నాడు. చెప్పాను. ఇద్దరం ఏడ్చాం."

"నన్ను క్షమించు. నిన్ను అడక్కుండా చూపించడం తప్పే."

"చాలా కోపమొచ్చింది."

"ఊఁ."

"నీ గొంతు వినకపోతే ఇంకా కోపమొచ్చింది."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. "నాకు ఈ ఫోన్లు చాలవు. నువ్వంటే ఇష్టం నాకు. వచ్చే శనివారం మీ ఊరొస్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పు."

"తొందరగా రా" అన్నాడు.

శనివారం బస్సు దిగేసరికి జోరువాన. ఎదురుగా అతను. ఇన్నాళ్లు గడగడా మాట్లాడుకున్నవాళ్లకి ఒక్క మాటా దొరకలేదు. ఆమె తన చెప్పుల వంక, అతను బస్సు చక్రం వంక చూస్తూ తడిసిపోతున్నారు.

వెనక నుంచి అన్న వచ్చాడు. గొడుగు తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇది ఇద్దరికే సరిపోతుందిరా. ఆ అమ్మాయి తడవకుండా తీసుకురా" అని ముందు నడిచాడు. నెత్తిన వాన కురుస్తున్నా వడి పెంచలేదు. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.