కుంకుమ అంటిన వైరు

"డాక్టర్ సుందరరాజు ఫార్ములా ఏ కాగితం మీదా లేదు. ఆయన బుర్రలో ఉంది. కాబట్టి వాళ్లు కాగితం కోసం రారు, మనిషి కోసమే వస్తారు. అర్థమైందా?"

"యస్ సార్."

చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. పత్తి నుంచి రాకెట్ ఇంధనం తీసే పద్ధతి కనిపెట్టిన డాక్టర్, గంపలగూడెం పత్తి శాంపిల్స్ కోసం తిరువూరు వస్తున్నాడు. 'బ్లాక్ కోరల్' అనే విదేశీ ముఠా ఆయన్ని ఎత్తుకుపోవాలని కాచుకుని ఉంది. కాపాడాల్సింది ఏజెంట్ దత్తాత్రేయులు. తోడు మిస్ సరోజినీదేవి. ముఠాలో చేరి మనకు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఆమె గాగుల్స్ తీసిందంటే బంకువాడు పెట్రోలు పోయడం మర్చిపోతాడు.

దత్తాత్రేయులు పురోహితుడి వేషం కట్టాడు. ఎవరి కారు దగ్గరికైనా అడ్డూ ఆపూ లేకుండా వెళ్లగలిగేది పంతులొక్కడే కదా! డాక్టర్ ఆ ఏడు, అంటే 1978లో, స్వీడన్ నుంచి కొత్త కారు తెప్పించుకున్నాడు. నెమలి అనే ఊళ్లో గుడి ముందు దానికి పూజ చేసింది కూడా దత్తాత్రేయులే. బానెట్ ఎత్తించి, ఇంజనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ధారాళంగా పోశాడు. డ్రైవర్ లాజరు హారతి తీసుకోలేదు. దూరంగా నిలబడి, "చాలండి పంతులుగారూ, లోపలికి కారుతున్నాయి" అన్నాడు.

ఆ మాట దత్తాత్రేయులుకు నచ్చలేదు. తర్వాత రెండు రోజులకే కారు నల్లపొగ కక్కుతూ దారిలో ఆగడం మొదలుపెట్టేసరికి, అనుమానం ఎటు పోవాలో అటే పోయింది. ఇవాళ తిరువూరు ట్రావెలర్స్ బంగళా ముందు కారు పూర్తిగా మొరాయించింది.

సరోజినీదేవి గొంతు తగ్గించింది. "ఆక్సిజన్ సెన్సర్ వైరండీ. లాజరు బ్లేడుతో కోస్తుంటే నా కళ్లతో చూశాను."

దత్తాత్రేయులు ఇంకో ప్రశ్న అడగలేదు. లాజరు చెంప ఛెళ్లుమనిపించాడు. పెదవి చిట్లింది. వరండా స్తంభానికి కట్టేశాడు.

"ఎవరు పంపారు నిన్ను?"

"డాక్టరుగారండి, సోడాలు తెమ్మని."

"నాటకాలాడకు!"

"మీరు వాడి నోరు తెరిపించండి. నేను టాక్సీ తెచ్చి డాక్టర్‌ని బెజవాడ చేరుస్తాను" అంటూ సరోజినీదేవి వెళ్లిపోయింది.

సాక్ష్యంగా తెగిన వైరును ఫొటో తీద్దామని దత్తాత్రేయులు బానెట్ ఎత్తాడు. పొగగొట్టంలోకి దిగి ఉన్న చిన్న లోహపు బుడిపె సెన్సర్. లోపల పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో పసిగట్టి, ఒకే ఒక్క వైరు మీద కంట్రోల్ బాక్సుకు కబురు పంపుతుంది. ఒకరకంగా అదీ గూఢచారే. అది పంపే కరెంటు ఒక్క వోల్టు కూడా ఉండదు. మామూలు ముల్లు మీటరు పెడితే ఆ కాస్తా తాగేస్తుంది. అందుకే దత్తాత్రేయులు కుంకుమ భరిణె అడుగు తిప్పి, అందులో దాచిన డిజిటల్ మీటరు తీశాడు.

తిప్పలు పడి ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కనిచ్చి చూస్తే, వైరు మీద దాదాపు సున్నా. మధ్యలో ఉన్న కనెక్టర్ ఊడదీసి సెన్సర్ వైపు చూశాడు. పాయింట్ ఎనిమిది వోల్టు! పెట్రోలు ఎక్కువైందని సెన్సర్ నిజమే చెబుతోంది. ఆ మాట దారిలోనే ఇంకిపోతుంటే, పెట్రోలు చాలడం లేదనుకుని కంట్రోల్ బాక్సు ఇంకా ఇంకా పోయిస్తోంది. కనెక్టర్ ఊడదీశాక ఆ తప్పుడు కబురూ ఆగింది. పొగ తగ్గి ఇంజను నిలకడగా తిరిగింది.

అయితే వైరు ఎక్కడ తెగింది? ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమాడు. మీటరుతోనూ చూశాడు. ఎక్కడా తెగలేదు. బ్లేడు గాటు ఒక్కటీ లేదు.

కనెక్టర్ లోపల చూశాడు. జిగట. అందులో అంటుకుపోయి చచ్చిన చీమలు. ఒక కొబ్బరి పీచు. ఎర్రగా కుంకుమ.

పూజ రోజు పోసిన కొబ్బరినీళ్లే. కారును పాడుచేసింది తనే! లాజరు ఆ రోజు చెప్పింది దీని గురించే. వాడు హారతి తీసుకోలేదన్న ఒక్క కారణంతో ఆ మాటకు ద్రోహం అంటగట్టాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. కానీ సిగ్గుపడి కూర్చోవడానికి కూడా టైము లేదు. వైరు తెగనే లేదు. మరి కోస్తుండగా చూశానన్నదెవరు?

గేటు దగ్గర టాక్సీ హారన్ మోగింది. డాక్టర్ అప్పటికే వెనక సీట్లో ఉన్నాడు.

దత్తాత్రేయులు పరుగున వెళ్లి లాజరు కట్లు విప్పి, కారు తాళాలు చేతిలో పెట్టాడు. "గేటుకు అడ్డం పెట్టు! తప్పు నాది లాజరూ, నువ్వేం చేయలేదు."

లాజరు రక్తం తుడుచుకుని ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. కారెక్కాడు. టాక్సీ గేటు దాటబోతుండగా కారు వచ్చి జానెడు దూరంలో అడ్డం నిలిచింది. డాక్టర్ ముక్కు దాకా వచ్చిన సరోజినీదేవి చేతిలోని క్లోరోఫామ్ రుమాలు అక్కడే ఆగిపోయింది. దత్తాత్రేయులు పిస్తోలు కిటికీలోంచి లోపలికి వెళ్లింది.

సరోజినీదేవి తాపీగా గాగుల్స్ తీసింది. "కారు దానంతటదే ఆగిపోయింది, నేను వాడుకున్నానంతే. మిమ్మల్ని నమ్మించడానికి నేనేం కష్టపడలేదండీ. లాజరు పేరు చెప్పాను, మీరు ఇంకేం అడగలేదు."

బేడీలు పడింది ఆమెకే. అయినా ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు దత్తాత్రేయులు.

తర్వాత వరండా మెట్ల మీద లాజరు పెదవికి స్వయంగా మందు రాశాడు. "క్షమించు. నువ్వు కూడా ఒకటి కొట్టు, నాకు కాస్త తేలికపడుతుంది."

"మీకు తేలికపడుతుందని నేనెందుకు కొట్టాలండీ?" అన్నాడు లాజరు. "రేపట్నుంచి అడిగి కొట్టండి. ఎవర్నైనా సరే."

సాయంత్రం పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ కలిసింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఇంతకీ ఆ కారు పాడుచేసిన వెధవ దొరికాడా?"

"దొరికాడు సార్."

"ఎక్కడున్నాడు?"

"లైన్లోనే ఉన్నాడు సార్."