కావిడి భుజం

"అది వయొలినండీ. పీక పట్టుకోడానికి మేకపిల్ల కాదు."

జీవిత నాతో అన్న మొదటి మాట ఇదే. వెనక బెంచీలో పిల్లగుంటలు కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి.

1998. చింతపల్లి చర్చిలో క్రిస్మస్ కోసం ఆదివారం సాయంత్రాలు వయొలిన్ క్లాసు పెట్టారు. పాస్టరు సువార్తరావు గారి అమ్మాయి జీవిత వైజాగ్‌లో నేర్చుకుని వచ్చి నేర్పుతోంది. నేను సంగీతం మీద ప్రేమతో చేరానంటే దేవుడు కూడా నమ్మడు. ఆమె జీపు దిగుతుంటే చూశాను, అంతే.

"ఫల్గుణ గారూ, ఆ భుజం చెవిదాకా ఎందుకు లేపుతారు? దించండి. మెడ కింది ఎముక మీద వయొలిన్ ఆన్చి, పైన దవడ పెట్టండి. ఎడం చెయ్యి తేలిగ్గా ఉండాలి."

దించితే కాలరు జారుతుంది. జారితే ఎడమ భుజం మీద కాయ కనబడుతుంది. చిన్నప్పట్నుంచీ కొండమీది మా ఊరి నుంచి అల్లం, గుమ్మడికాయలు కావిడిలో సంతకు మోస్తే కాసిన కాయ అది. మొదటిరోజు ఆమె "ఏం చేస్తుంటారు?" అని అడిగింది. ఆమె ఇస్త్రీ చీరా, నా అరిగిన చెప్పులూ చూసుకుని, "కాఫీ తోటల ఆఫీసులో గుమాస్తానండీ" అనేశాను. సిగ్గులేని నోరు!

నెలంతా అలాగే భుజం ఎగరేసి, వయొలిన్ మెడ పిసికేస్తూ నిలబడ్డాను. తీగల మీద కమాను లాగితే పిల్లి తోక తొక్కినట్టు కీచుమనేది.

ఆ తర్వాత సంత రోజు వచ్చింది.

కావిడి మోసేవాడు గిర్రున తిరక్కూడదని మా అయ్య నేర్పిన మొదటి పాఠం. ఎదురుగా జీవిత, పక్కన పాస్టరు గారు కనబడేసరికి ఆ పాఠం మర్చిపోయి గిర్రున తిరిగాను. వెనక బుట్ట వెళ్ళి పాస్టరు గారి గొడుగుకు తగిలింది. గొడుగు విరిగింది, కళ్ళజోడు ఎగిరింది, గుమ్మడికాయలు బురదలో దొర్లాయి.

"ఎవడ్రా అది?" అని పాస్టరు గారు కళ్ళజోడు కోసం తడుముకుంటున్నారు. ఆయన నా మొహం చూడలేదు. జీవిత చూసింది.

రెండు ఆదివారాలు క్లాసుకు వెళ్ళలేదు.

"ఏటిరా, ఎల్లవేటి? ఆ గుంట నిన్ను కొట్టిందేటి?" అంది మా అమ్మ రాజులమ్మ.

కొట్టినా బాగుండేది.

మూడోవారం కావిడితో కొండ దిగుతుంటే, జీపులు ఆగేచోట కల్వర్టు మీద కూర్చుని ఉంది జీవిత. ఒళ్ళో వయొలిన్ పెట్టె, పక్కన గొడుగు.

"మళ్ళీ గిర్రున తిరక్కండి. ఈసారి గొడుగు నాది" అంది.

నేల చూస్తూ నిలబడ్డాను.

"ఒకటి చెప్పండి. ఆ కావిడిబద్ద బరువు చేత్తో మోస్తారా?"

"చేత్తోనా? సెయ్యి ఊరికే ఆసరాకే! బరువంతా భుజానిదే. భుజం లేపితే జారిపోతాది. మోకాళ్ళు బిగిస్తే నడుం పట్టేస్తాది." చెయ్యి వదిలేసి నాలుగడుగులు నడిచి చూపించాను. గుమాస్తా భాష ఎటు పోయిందో!

"మరి నెల్లాళ్ళుగా నేను చెప్తున్నదేటండీ?"

కావిడి దించాను.

"అబద్ధం చెప్పానండీ. మీ ముందు సిగ్గేసింది."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎప్పుడూ ఎడమవైపు ముందుకు వేసుకునే జడను పక్కకు తీసింది. దవడ కింద నల్లటి మచ్చ.

"రోజూ వాయిస్తే ఇలా పడతాది. వైజాగ్‌లో పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు దీన్ని చూసి ఏటేటో అనుకున్నారు. అప్పట్నుంచి దాస్తున్నాను. నాకూ సిగ్గే."

"బాగుందండీ మచ్చ" అన్నాను. బుర్రలేని మాట. ఆమె మొహం ఎర్రబడింది.

"ముందు భుజం దించడం నేర్చుకోండి. తర్వాత చూద్దాం" అని గబగబా జీపెక్కేసింది.

క్రిస్మస్ రోజున కావిడి మోసినట్టే నిలబడి వాయించాను. మోకాళ్ళు వదులు, చెయ్యి ఆసరాకే. వయొలిన్ నా కాయ పక్కనే హాయిగా కూర్చుంది.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు అందరి ముందూ అడిగారు.

"బాగా వాయించావు బాబూ. ఏం పని చేస్తావు?"

భుజం దానంతటదే లేచింది. హార్మోనియం పక్క నుంచి జీవిత చూస్తోంది. ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు. నేనే దించాను.

"కావిడి మోస్తానండీ. సంతలో మీ గొడుగు విరగ్గొట్టింది నేనే."

పాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని నన్నూ, తర్వాత కూతుర్నీ చూశారు.

"గొడుగు సంగతి మాట్లాడాలి. ఆదివారం ఇంటికి రా. మీ అమ్మను కూడా తీసుకురా."

గొడుగుకు మా అమ్మెందుకో నాకు అర్థం కాలేదు. అటు చూస్తే జీవిత, అందరి ముందే, జడ వెనక్కి వేసుకుంటోంది.