ఎర్రగుడ్డ దించని మనిషి

ఫిలింనగర్ వెనక బండల్ని చీల్చి వేసిన రోడ్డు ఒకటుంది. అప్పట్లో దానికి మంచి పేరు ఉండేది కాదు. చీకటి పడ్డాక అక్కడ ఒకాయన ఎర్రగుడ్డ ఊపుతూ బండికి అడ్డం వస్తాడట. ఆపకుండా పోతే వెంటపడి పరుగెత్తుకొస్తాడట... మరి ఆపితే? అది ఎవరికీ తెలీదు. అప్పటివరకూ ఆపిన మొనగాడు లేడు!

హైటెక్ సిటీ కొత్తగా వెలిగిపోతున్న రోజులవి. చుట్టూ గుట్టలు, మధ్య పల్లంలో చూస్తుండగానే లేచిన కాలనీలు. పొద్దున్నే అందరూ గుట్ట దాటి ఆఫీసులకి పోవడం, రాత్రికి నిద్రకి మాత్రం దిగిరావడం. నిదానంగా నడిచేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

బోరబండలో ఉండే ఓదెలు ఆ ఆఫీసులకే క్యాబ్ నడిపేవాడు. ఎక్కడికైనా పోయేవాడు గానీ, ఆ రోడ్డు మాత్రం తొక్కేవాడు కాదు. తూటాలు పెట్టి ఆ బండలు పేల్చిన రోజుల్లో, ఎర్రగుడ్డ పట్టుకుని బండ్లు ఆపింది అతని తండ్రి బాలనర్సయ్యే. ఒకరోజు ఒక కారు ఆగలేదు. దాన్ని ఆపాలని బాలనర్సయ్య వెంట పరుగెత్తాడు. కారు దాటిపోయింది. తూటా పేలింది...

"మీ ఆయన దయ్యమైండట గదా" అని ఎవరైనా అంటే, తల్లి ఎల్లమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయేది.

ఆ రాత్రి ఏదో సినిమా ఆడియో ఫంక్షన్ అని పెద్దరోడ్డు మూసేశారు. వెనక సీట్లో భావన. కాకినాడ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఇంటి దగ్గర పాపకి జ్వరమని ఒకటే కంగారు. వేరే దారి లేదు. ఓదెలు గుండె చిక్కబట్టుకుని స్టీరింగ్ తిప్పాడు.

మలుపు తిరిగాడో లేదో — లైట్ల వెలుగులో ఎర్రగుడ్డ!

"అన్నా... ఆపకండి!" భావన గుసగుసలాడింది. "ఇక్కడ ఆపకూడదంటారు..."

ఓదెలు కాలు బ్రేకు మీదికి పోయింది. నాయన చచ్చిపోయిందే బండి ఆగక. ఈ ఒక్క బండైనా ఆగాలి...

బ్రేకు తొక్కి, ఇంజను ఆపేశాడు.

"జర ఆగుదాం మేడం," అన్నాడు మెల్లగా. "గాయన గుడ్డ దించేదాంక పోవద్దు."

గుడ్డ ఊగుతూనే ఉంది...

ఉన్నట్టుండి బండి కింద నేల అదిరింది. పేలిన చప్పుడు మాత్రం లేదు. కారు కప్పు మీద రాళ్లు టపటపా రాలాయి. భావన కళ్లు గట్టిగా మూసుకుంది.

అప్పుడు గుడ్డ కిందికి దిగింది. ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.

"పోండ్రి... ఇగ ఏం గాదు."

అలసిపోయిన గొంతు. చిన్నప్పుడు ఓదెలుని రోజూ నిద్రలేపిన గొంతు.

భావనని ఇంటి దగ్గర దింపాక ఓదెలు కారు కప్పు తడిమి చూశాడు. నొక్కులు... దుమ్ము... ఒక రాయి ఇంకా వేడిగానే ఉంది.

ఇంటికెళ్లి దాన్ని తల్లి చేతిలో పెట్టాడు. "నాయన గుడ్డ దించిండమ్మా" అన్నాడు. ఎల్లమ్మ ఆ రాయిని గుండెకి హత్తుకుని తెల్లారేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత ఆ రోడ్డు మీద ఎవరికీ ఏమీ కనబడలేదు. చెడ్డపేరూ పోయింది. కార్లు రయ్యిన పోతున్నాయి.

ఓదెలు ఒక్కడే, ఇప్పటికీ, రాత్రిపూట ఆ మలుపులో బండి ఆపి, లైట్లు వేసి కూర్చుంటాడు.

ఎవరూ అడ్డం రారు.