నాలుగు దాటితే

మా అన్నయ్య స్కూలు వ్యాన్ నడిపేవాడు. పిల్లల్ని వేలు పెట్టి లెక్కపెట్టడం అతనికి నామోషీ. ఒక్క చూపు చూసి ఎంతమందో చెప్పేసేవాడు. నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలాక ఆ చూపు పోయింది. గుమ్మంలో ఉన్న చెప్పులు రెండో నాలుగో తేల్చుకోలేక నిలబడిపోయేవాడు. వ్యాన్ తాళాలు మళ్ళీ చేతికి రావాలంటే ఆసుపత్రిలో పరీక్ష నెగ్గాలి. వదినకు నెలలు నిండుతున్నాయి కాబట్టి తోడుగా నేను వెళ్ళాను.

నేలకింది అంతస్తులో కిటికీ లేని గది అది. గోడల నిండా మందపాటి స్పాంజి అట్టలు. తలుపు వేస్తే బయటి చప్పుడేదీ వినిపించదు. రబ్బరు వాసన, దాని కింద ఎక్కడో తడిమట్టి వాసన. అన్నయ్య లోపల తెర ముందు కూర్చున్నాడు. అద్దానికి ఇవతల నేనూ, పరీక్ష పెట్టే అమ్మాయీ.

"చుక్కలు మెరిసి మాయమవుతాయి. ఎన్నో చెప్పండి చాలు," అంది మైకులో. తర్వాత నాతో, "నాలుగు దాకా లెక్కపెట్టక్కర్లేదండీ, చూడగానే తెలిసిపోతుంది. అది దాటితే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవాలి. జవాబు ఆలస్యమవుతుంది."

"మా అన్నయ్య పెళ్ళికి ఊ అనడానికే రెండేళ్ళు పట్టిందమ్మా," అన్నాను. ఆమె నవ్వి, లోపల లైటు ఆర్పింది.

"మూడు." "రెండు." "నాలుగు." టకటకా చెప్పేస్తున్నాడు. సంతోషంతో నా కళ్ళు చెమర్చాయి. తాళాలు వచ్చినట్టే.

"ఇద్దరు."

నాకు నవ్వొచ్చింది. చుక్కల్ని పట్టుకుని ఇద్దరంటాడేమిటి?

"రెండు అనాలి అన్నయ్యా," అన్నాను మైకులో.

"ముగ్గురు."

ఆ అమ్మాయి నవ్వడం లేదు. "చుక్కలు అయిపోయాయండీ," అంది మెల్లగా. "తెర మీద ఏమీ లేదు."

"నలుగురు." తడుముకోలేదు.

ఆ తర్వాత మాట లేదు. మైకులో అతని ఊపిరి ఒక్కటే... ఆలస్యం. ఎందుకు ఆలస్యమో తట్టగానే లేచి నిలబడ్డాను.

"ఒకరు... ఇద్దరు... ముగ్గురు..."

లెక్కపెడుతున్నాడు.

పరుగున లోపలికి వెళ్ళి లైటు వేశాను. కుర్చీ, తెర, అన్నయ్య. ఇంకెవరూ లేరు. అతని చూపుడువేలు మాత్రం గోడ వెంట జరుగుతోంది.

"లే అన్నయ్యా, ఇంటికి పోదాం."

"ఉండవే. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది."

వేలు నా దగ్గర ఆగింది. "ఆరుగురు." అక్కణ్ణుంచి కొంచెం పైకి, నా భుజం మీదికి జరిగింది. "ఏడుగురు."

చుక్కల్లో ఒక్క తప్పూ లేదని రాసిచ్చారు. చుక్కలు అయిపోయాక అతనన్న మాటలకు ఆ కాగితంలో చోటు లేదట. నేనూ నోరు మెదపలేదు. ఇల్లు గడవాలి కదా.

మొదటిరోజు వ్యాన్‌లో అన్నయ్య పక్కన నేనూ కూర్చున్నాను. స్కూలు వచ్చింది. పిల్లలంతా దిగి లోపలికి వెళ్ళిపోయారు. అన్నయ్య వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"పద," అన్నాను.

"ఆగవే... ఇంకా దిగలేదు."

వేలు ఒక్కో ఖాళీ సీటు మీదుగా వెళ్తోంది. చివరి సీటు దాకా వెళ్ళింది. ఆగలేదు. మళ్ళీ ముందుకు, నా వైపు వస్తోంది.