ఫ్యాక్టరీ డబ్బా

లోర్న్ పెట్కావ్‌ని డియర్‌బోర్న్‌లో ఒక కార్ వాష్ లోపల కాల్చి చంపారు. కాల్చినవాడు దర్జాగా నడిచి వెళ్లిపోయాడు. బ్రష్షులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయి, శవంతో ఉన్న కారుని తళతళలాడించి బయటికి పంపాయి. అతని కోటు జేబులో ఉండాల్సిన రాడార్ కీ కనిపించలేదు. అది వేలెడంత చిప్. దేశం దాటిందంటే ఉత్తర సరిహద్దు మీదున్న రాడార్ స్టేషన్లన్నిటికీ కళ్లు పోయినట్టే.

ఏజెంట్ వెండెల్ కోజ్లోస్కీ పక్క బల్ల పెట్కావ్‌ది. ఏళ్ల తరబడి తన సాండ్‌విచ్‌లో సగం అడగకుండా తినేసిన మనిషి పోయాడంటే వెండెల్‌కి నిజంగా దుఃఖమే. అయితే అతనికి ఏ దుఃఖం వచ్చినా అది చిరాకు రూపంలోనే బయటికొస్తుంది. ఆ వారమంతా ఆఫీసులో ఎవరూ అతని జోలికి పోలేదు.

చీఫ్ హ్యారియెట్ ఓక్స్ బ్రీఫింగ్ కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు ముగించింది. కీ ఒక విదేశీ ముఠా చేతిలో ఉంది. ఆదివారం ఏదో చిన్న ఎయిర్‌ఫీల్డ్ నుంచి విమానం ఎక్కుతుంది. అక్కడిదాకా దాన్ని మోసే కొరియర్, ఆ ఉదయం రోజ్‌విల్‌లో మూతబడిన ఒక మాల్ పార్కింగ్‌లో జరిగే టర్బో కార్ల పిచ్చివాళ్ల మీట్‌కి వస్తాడు. ఇదంతా సెలెస్ట్ వార్గా చెప్పిన కబురు. సెలెస్ట్ ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఆవిడ సెంటు వాసన ఆవిడ కంటే ముందు గదిలోకి వచ్చి, ఆవిడ పోయాక కూడా సోఫాలో కూర్చునే ఉంటుంది.

"అక్కడికక్కడ పట్టేసుకోకు. వెంటాడు," అంది ఓక్స్. "పెట్కావ్‌ని కాల్చినవాడు ఆ కొరియర్ కోసం ఎదురుచూస్తుంటాడు. నాకు ఇద్దరూ కావాలి."

కింద గ్యారేజీలో ప్రూయిట్ కొత్తల్లుడికి పలహారం పెట్టినవాడిలా మురిసిపోతూ నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్ పరికరాలన్నీ అతని సృష్టే. అందులో సగం పనిచేయవు, మిగతా సగం అక్కర్లేనప్పుడు పనిచేస్తాయి. ఈసారి బూడిదరంగు టర్బో కారొకటి తయారుచేశాడు. పొగ వదిలే మీట, మేకులు చల్లే మీట, పక్కసీటు ముందు గాలిసంచీ పేల్చే మీట. పైగా బానెట్ ఎత్తి, మెరిసిపోతున్న ఒక అల్యూమినియం పైపు చూపించాడు. ఇంజన్‌కి గాలినిచ్చే ఫ్యాక్టరీ డబ్బా పీకేసి, ఆ పైపుని బంపర్ కిందిదాకా దించి, దాని చివర ఎయిర్ ఫిల్టర్ తగిలించాడు. కింద గాలి చల్లగా ఉంటుంది, చల్లగాలి చిక్కగా ఉంటుంది, చిక్కటి గాలి తాగిన టర్బో ఇంకా గట్టిగా తంతుంది, ముప్పై హార్స్‌పవర్ ఎక్కువ అని లెక్కచెప్పాడు.

"ఈ తెలివి నీదేనా?" అడిగాడు వెండెల్.

"సెలెస్ట్ మేడమ్ చెప్పారు. ఫ్యాక్టరీ డబ్బాతో వెళ్తే మీట్‌లో నిన్ను చూసి నవ్వుతారట."

వెండెల్ హ్యామ్‌ట్రామిక్‌లో పుట్టాడు. వాళ్ల వీధిలో కార్ల ఫ్యాక్టరీకి మనిషిని పంపని ఇల్లు లేదు. ముందు గ్రిల్ వెనక, ఎత్తులో, నాలుగు గోడల మధ్య ఫిల్టర్ పెట్టినవాడు ఏమీ తెలియక పెట్టలేదని అతనికి తెలుసు. ప్రూయిట్ భోజనానికి పోగానే ఆ పైపుని ఊడబీకి డిక్కీలో పారేసి, పాత డబ్బా బిగించేశాడు. కొంత బయట కురుస్తున్న వానని చూసి, కొంత ఒళ్లుమండి.

ఆదివారానికి వాన తెరిపిచ్చింది. పార్కింగ్ నిండా కార్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అక్కడ బానెట్ ఎత్తనివాడు మనిషే కాదు. ముఠా పెట్టుకున్న కోడ్ మాటలు సెలెస్ట్ ముందే చెప్పింది. 'ఫిల్టర్ ఎక్కడ పెట్టావ్?' అని అడగాలి, 'చల్లగాలి ఉన్నచోట' అని జవాబు రావాలి. వెండెల్ మొదటి వరసలో అడిగాడు. వరసంతా అదే జవాబు చెప్పింది. ఆ జనానికి వేరే మాట రాదు. ఇంత తలమాసిన కోడ్ పెట్టుకున్న ముఠా చేతిలో పెట్కావ్ చచ్చాడని తలచుకుంటే వెండెల్‌కి రోత పుట్టింది.

తెల్లటి సూట్‌లో సెలెస్ట్ దూరంగా కాఫీ బండి దగ్గరుంది. మగాళ్లందరూ ఆవిడ చుట్టూ మూగారు. ఆ గుంపు మొత్తంలో బానెట్ల వంక కన్నెత్తి చూడని మనిషి ఆవిడొక్కతే. వెండెల్ చెవిలోని రేడియోలో గుసగుసలాడింది, పసుపుపచ్చ కారు, తిరగేసిన టోపీ, పేరు బ్రైస్ లుండ్‌గ్రెన్ అని.

బ్రైస్ మెడలో గొలుసు, గొలుసుకి వేలెడంత లాకెట్. దాచడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదు కాబోలు మహానుభావుడికి. ముందు వెండెల్ కారుని చూసి పగలబడి నవ్వాడు.

"ఏంటంకుల్, ఇంకా ఆ డబ్బానేనా? అమ్మమ్మ కారు అడిగి తెచ్చుకున్నావా?"

"నీది ఎక్కడ పెట్టావ్?"

"కిందికి దించేశా, చూడు. మొన్నటిదాకా పైన, టర్బో పక్కనే ఉండేది. మాకో బాసున్నాడులే. పైనే ఉంచు, మార్చావంటే చంపుతా అన్నాడు. ఎందుకురా బాబూ అంటే చెప్పడు. ఇక్కడేమో వేడిగాలి పీల్చే బండి అని అందరూ ఆడుకున్నారు నన్ను. నిన్న నేనే మార్చేశా."

వెండెల్ తల ఊపి తన బానెట్ మూసేశాడు. కానీ లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. కొరియర్ ఫిల్టర్ పైనే ఉండాలని ఒకరు పట్టుబట్టారు. తన ఫిల్టర్ కిందే ఉండాలని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఒకే వారంలో ఇద్దరు గూఢచారులకి గాలి గొట్టాల మీద అంత శ్రద్ధ దేనికి?

పదకొండు కొట్టేసరికి పసుపు కారు దూసుకుపోయింది. సెలెస్ట్ పరిగెత్తుకొచ్చి వెండెల్ పక్కన కూర్చుంది. తూర్పు వైపు ఎయిర్‌ఫీల్డ్‌కి మంచి రోడ్డు ఉండగా, బ్రైస్ పనిగట్టుకుని రైలు కట్ట కిందున్న అండర్‌పాస్ వైపు తిరిగాడు. రెండు రోజుల వానకి అక్కడ మోకాలి పైదాకా మడ్డినీళ్లు నిలిచున్నాయి. అడ్డంగా పెట్టిన బోర్డుని గుద్దుకుంటూ దిగిపోయాడు. నీళ్లు రెక్కల్లా లేచాయి. నడిమధ్యకి వెళ్లేసరికి బంపర్ కిందున్న ఫిల్టర్ మునిగింది. గాలి తాగాల్సిన టర్బో కడుపునిండా నీళ్లు తాగింది. లోపల ఇనుము విరిగిన చప్పుడు గట్టుమీదికి వినబడింది. చల్లగాలి ఉన్నచోట బండి చల్లగా చచ్చింది.

వెండెల్ నీళ్ల అంచున ఆగాడు.

"పోనియ్ వెండెల్, లోతేం లేదు," అంది సెలెస్ట్. అంటూనే తన వైపు అద్దం పూర్తిగా దించుకుంది. ఎత్తు మడమల చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. ముందున్న కారు ఎందుకు ఆగిందో ఆవిడకి అంతుపట్టలేదని ముఖంలోనే తెలుస్తోంది. ఈ కారు ఆగిపోతుందని మాత్రం గట్టి నమ్మకం.

వెండెల్ మొదటి గేరులో, నీళ్లు ఎగరకుండా, మెల్లిగా దించాడు. నీళ్లు బంపర్ దాకా వచ్చాయి. హెడ్‌లైట్ల అంచు తాకాయి. ఇంజన్ గుర్రుమంటూనే ఉంది.

"ఇంకా ఆగలేదేంటి?" అంది సెలెస్ట్.

ఆ మాట అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు.

"ఫ్యాక్టరీ డబ్బా," అన్నాడు వెండెల్. "బానెట్ ఎత్తి చూస్తే చేతులు మాసిపోతాయనుకున్నావు."

ఆవిడ పన్నాగం అతనికిప్పుడు పూర్తిగా అర్థమైంది. కొరియర్‌ని చూపించి మంచిపేరు కొట్టేయాలి, కొరియర్ కారు నీళ్లు దాటాలి, వెండెల్ కారు నీళ్లలో చావాలి, కీ ఎగిరిపోవాలి, ఆవిడ ఉద్యోగం పదిలంగా ఉండాలి. పెట్కావ్ ఏ పూట ఏ కార్ వాష్‌కి పోతాడో వాళ్లకి చెప్పింది కూడా ఈవిడే అయ్యుండాలి.  సెలెస్ట్ చెయ్యి చేతిసంచీలోకి పోయింది. పిస్తోలు మూతి బయటికి రాకముందే అతను మీట నొక్కాడు. ప్రూయిట్ జీవితంలో మొదటిసారి ఒక వస్తువు అనుకున్నప్పుడు అనుకున్నట్టు పనిచేసింది. గాలిసంచీ ఆవిడని సీటుకి అప్పడంలా అదిమేసింది. పిస్తోలు కిటికీలోంచి నీళ్లలో పడింది. అద్దం దించుకుంది ఆవిడేగా.

అవతలి ఒడ్డున ఒక నల్ల వ్యాన్ రివర్స్‌లో వచ్చింది. తలుపు తెరిచి ఒకడు చెయ్యి చాపాడు. బ్రైస్ గొలుసు తెంపి, చిప్ తడవకుండా నెత్తికి పైన పట్టుకుని, నీళ్లలో తడబడుతూ అటే పోతున్నాడు. రెండు చేతులకీ మధ్య బారెడు దూరముంది. బూడిదరంగు కారు నింపాదిగా ఆ సందులోకి ముక్కు దూర్చింది. వెండెల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, చెట్టుకి కాయ కోసినట్టు చిప్ కోసుకున్నాడు. వ్యాన్ ఎగబాకి పారిపోబోయింది. రేడియోలో అంతా వింటున్న ఓక్స్ మనుషులు అప్పటికే పైన రోడ్డు కాసి ఉన్నారు. వ్యాన్‌లో దొరికిన తుపాకీ, పెట్కావ్‌ని చంపిన తుపాకీ ఒకటేనని సాయంత్రానికి తేలింది.

వెండెల్ కాసేపు గట్టుమీద కూర్చున్నాడు. సాండ్‌విచ్ పొట్లం విప్పి, అలవాటు కొద్దీ రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క తిన్నాడు. రెండోది కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

ప్రూయిట్ ఆయాసపడుతూ వచ్చి, ముఠా గురించి గానీ, రాడార్ గురించి గానీ అడగలేదు. బానెట్ ఎత్తి చూసి లబోదిబోమన్నాడు.

"నా పైపేదయ్యా?"

"డిక్కీలో ఉంది," అన్నాడు వెండెల్. "తడవలేదులే."