తొలిచూపు హక్కు

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి పరిశోధనాలయంలో ఒకరి భుజం ఒకరు తట్టుకుంటున్నారు. ఎక్కడో ఒక కృష్ణబిలం ఓ నక్షత్రాన్ని చీల్చి మింగుతూ ఎక్స్-కిరణాలు కక్కుతోంది. ముందుగా చూసినవాళ్లకే దానికి పేరు పెట్టే హక్కు. ఆ తొలిచూపు కోసం, ఇక్కడి ఆచారం ప్రకారం, ఉపగ్రహాలన్నిటినీ ఒక్కసారిగా అటు తిప్పేశారు.

అక్కడే పనిచేసే మణికుంతలకు ఒళ్లు మండిపోతోంది. అవి వట్టి దుర్భిణులా? ఎంతో దూరాన కదలకుండా వెలిగే కృష్ణబిలాలను గుర్తులుగా పట్టుకుని, ప్రతి మనిషి చేతి దిక్కుకంకణంలో దారి చూపేవి అవే. కంకణాలు వచ్చాక పటాలు, దారిరాళ్లు అన్నీ తీసి పారేశారు. ఉపగ్రహాలను తిప్పేముందు బయటి బళ్లను వెనక్కి పిలవాలి. డైరెక్టర్ సోమయాజులు ఆ ఊసే ఎత్తలేదు. ఆలస్యమైతే ఇంకెవరో ముందు చూసేస్తారట!

ఆమె తమ్ముడు భానోజీ మంచుగని నుంచి బండితో వస్తూ దారి తప్పాడు.

"వెనక్కి తిప్పండి సార్. వాడి దగ్గర అరగంటకు మించి గాలి లేదు."

"కాస్త ఓపిక పట్టమ్మా. ఇలాంటి వెలుగు మన జన్మలో మళ్లీ రాదు."

"మావాడు మాత్రం మళ్లీ వస్తాడా?" ఆమె ఆయన్ని పక్కకు నెట్టి, మీట తనే తిప్పేసింది. తెర మీద వెలుగు ఆరిపోయింది. ఎవరో అయ్యో అన్నారు. ఆ అయ్యో తన తమ్ముడి కోసం కాదు.

పాత గుర్తులు మళ్లీ దొరకబుచ్చుకోవడానికి ఉపగ్రహాలకు గంట పడుతుంది. ఆమె రేడియో అందుకుంది.

"ఒరే, కంకణం వదిలెయ్. భూమి అగుపిస్తందా?"

"ఆఁ, కొండ మీద నీలంగా ఉందక్కా. ఇక్కడన్నీ సక్రాల జాడలే, ఏది మనదో తెలీట్లేదు. భూమిని సూసి ఏటి సెయ్యాలి?"

"అది అక్కడే ఉంటది, కదల్దు. దాన్నిబట్టి గని నుంచి ఇంటికి..."

మణికుంతల ఆగిపోయింది. భూమికి ఎదురుగా రావాలా, వీపు పెట్టి రావాలా? పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, ఆమె ఏనాడూ తలెత్తి చూసుకోలేదు.

"చెప్పండి!" గదివైపు తిరిగి గొంతు చించుకుంది. "కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఏముందో చెబుతారే! గని నుంచి మనిల్లు భూమికి ఎటువైపు?"

సోమయాజులుతో సహా అందరూ తమ చేతి కంకణాల వంక చూసుకున్నారు.

"అక్కా," అన్నాడు భానోజీ, "ఎటో ఒకపక్క సెప్పవే. నువ్వు సెప్పినట్టే వచ్చేస్తాను."